గూగుల్ స్లైడ్స్‌లో మాట్లాడే బొమ్మ: పెదవులు మాటకు కలవాలంటే

ప్రశ్న: గూగుల్ స్లైడ్స్‌లో పాఠం తయారు చేస్తున్నాను. ఒక కార్టూన్ పాత్ర పక్కన నిలబడి వివరిస్తున్నట్టు ఉండాలని జిఫ్ (శబ్దం లేని కదిలే బొమ్మ ఫైలు) పెట్టి, ఆడియో విడిగా చేర్చాను. పెదవులు మాటకు కలవడం లేదు. బొమ్మ చుట్టూ తెల్లటి అంచు కూడా కనిపిస్తోంది. ఎలా సరిచేయాలి?

జవాబు:

జిఫ్‌ని, విడి ఆడియోని ఎంత సర్దినా ఆ రెండూ కలవవు. ఆ దారి వదిలేయండి. స్లైడ్ తెరుచుకోగానే జిఫ్ తనంతట తాను ఆడటం మొదలుపెడుతుంది. ఆడియో గూగుల్ డ్రైవ్ నుంచి దిగి రావాలి, అది ఎంత ఆలస్యంగా వస్తుందో నెట్ వేగాన్ని బట్టి ప్రతిసారీ మారుతుంది. రెండింటినీ ముడివేసే అమరిక స్లైడ్స్‌లో లేదు. దీనికి తోడు జిఫ్ లెక్కలోనే ఒక తిరకాసు ఉంది. ఒక్కో ఫ్రేము (కదలికలోని ఒక్కో చిత్రం) ఎంతసేపు నిలవాలో అది సెకనులో నూరో వంతుల్లో మాత్రమే రాసుకోగలదు. సెకనుకు 12 ఫ్రేములు కావాలంటే ఫ్రేముకు 8.33 వంతులు పడాలి. అన్నిటికీ 8 వేస్తే 30 సెకన్ల మాటకు గీసిన 360 ఫ్రేములు 28.8 సెకన్లకే అయిపోతాయి. మొదట్లో సరిగ్గా కలిసినా చివరికి బొమ్మ 1.2 సెకన్లు ముందుకెళ్లిపోతుంది.

కాబట్టి పెదవులు కదలాలంటే స్వరం, బొమ్మ ఒకే ఫైలులో ఉండాలి, అంటే ఎంపీ4 వీడియో కావాలి. చెయ్యి ఊపడం, వేలు చూపించడం లాంటి మాటలేని కదలికలకే జిఫ్ పనికొస్తుంది.

పని స్వరంతో మొదలుపెట్టండి. బొమ్మ ముందు గీసేసి, మాటను దానికి అతికించాలని చూస్తే పని రెండింతలవుతుంది. స్లైడుకు ఒక క్లిప్ చొప్పున, 20 నుంచి 40 సెకన్లు మించకుండా మాటలు రాసుకోండి. నిడివిని పదాల లెక్కన అంచనా వేయకండి. తెలుగులో పదాలు పొడవు, ‘చెప్పుకోవాల్సివచ్చింది’ కూడా ఒక్క పదమే. గడియారం పెట్టుకుని పైకి చదివి చూడటమే సరైన కొలత. మొత్తం పాఠానికి ఒకే పొడవాటి వీడియో చేస్తే, తర్వాత ఒక్క వాక్యం మార్చాల్సి వచ్చినా అంతా మళ్లీ తయారు చేయాలి. రికార్డింగ్ వేవ్ (WAV) ఫార్మాట్‌లో చేసి, మొదట్లో అర సెకను నిశ్శబ్దం వదలండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తరచుగా తొలి అక్షరాన్ని మింగేస్తాయి. కంప్యూటర్ గొంతు వాడేటట్టయితే స్క్రిప్టులో అంకెలనూ సంక్షిప్త పదాలనూ పలికే తీరులో అక్షరాలతోనే రాయండి, లేకపోతే ఎక్కడ ఎలా చదువుతుందో చెప్పలేం.

ఇక నోరు. అసలు కష్టమంతా ఇక్కడే. రుబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత సాధనానికి వేవ్ ఫైలు ఇస్తే, ఏ క్షణంలో ఏ నోటి ఆకారం ఉండాలో పట్టీ ఇస్తుంది. అది మామూలుగా ఇంగ్లీషు మాటల కోసం వెతుకుతుంది. తెలుగుకు రికగ్నైజర్‌ని, అంటే మాటను గుర్తించే పద్ధతిని, ‘ఫొనెటిక్’కి మార్చాలి. ఇది మరిచిపోతే పట్టీ వస్తుంది కానీ నోరు ఎక్కడెక్కడో తెరుచుకుంటుంది. మీరు గీయాల్సినవి కనీసం 6 ఆకారాలు: ప, బ, మలకు మూసిన పెదవులు, ఇ, ఈలకూ చాలా హల్లులకూ పళ్లు కలిసి కాస్త తెరిచిన నోరు, ఎ, ఏలకు మధ్యస్థంగా తెరిచినది, ‘ఆ’కు బాగా తెరిచినది, ‘ఒ’కు కొద్దిగా గుండ్రనిది, ఉ, ఊలకు ముందుకు చాచిన పెదవులు. వీటికి విశ్రాంతి నోరు ఒకటి చేర్చండి. పై పళ్లు కింది పెదవిని తాకే ఆకారం కూడా ఉంటుంది కానీ అది ‘ఫ’కి కావాలి. మన ‘వ’ అంత గట్టిగా నొక్కి పలికేది కాదు, ప్రతి ‘వ’కీ దాన్ని పెడితే ముఖం వికారంగా కనిపిస్తుంది.

పట్టీ వచ్చాక రెండు చోట్ల చేత్తో దిద్దండి. ‘అమ్మ’, ‘అప్పుడు’ లాంటి ద్విత్వాల్లో మూసిన పెదవులు ఇంకో ఫ్రేము ఎక్కువ నిలవాలి. ఆ మూత చూసేవాళ్లకు కనబడితేనే బొమ్మ నిజంగా మాట్లాడినట్టుంటుంది, మిగతా ఆకారాల్లో చిన్న తప్పులు ఎవరూ పట్టించుకోరు. రెండోది వాక్యాంతం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకని నోరు తెరిచే ఉండిపోతుంది. అక్కడ విశ్రాంతి నోరు పెట్టండి. ఏ ఆకారమూ ఒకే ఫ్రేముకు పరిమితం కాకూడదు, సెకనుకు 24 ఫ్రేములుంటే ఒక్కో ఆకారం కనీసం 2 ఫ్రేములు నిలవాలి. నోరు శబ్దం కన్నా ఒక ఫ్రేము ముందుంటే సహజంగా అనిపిస్తుంది, వెనకబడితే వెంటనే తెలిసిపోతుంది.

బొమ్మలను కదిలించే అడోబీ క్యారెక్టర్ యానిమేటర్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఈ పట్టీ అవసరం లేదు. అది ఆడియో నుంచి తానే నోళ్లు పేరుస్తుంది, నోటి పొరలకు అది గుర్తించే పేర్లే పెట్టాలి. ద్విత్వాలూ వాక్యాంతాలూ మాత్రం అక్కడ కూడా చూసుకోండి.

తెల్ల అంచు సంగతి. జిఫ్‌లో ప్రతి చుక్కా కనిపించాలి లేదా మాయమవ్వాలి, సగం పారదర్శకత లేదు. బొమ్మ అంచులోని మెత్తటి చుక్కలు తెలుపుతో కలిసి గట్టిపడతాయి, మీకు కనిపిస్తున్నది అదే. జిఫ్‌ను ఎగుమతి చేసేటప్పుడు మ్యాట్ రంగును (అంచు చుక్కలు కలిసే రంగును) స్లైడ్ నేపథ్యం రంగుకు మార్చితే అంచు పోతుంది. ఎంపీ4కి మామూలుగా వాడే హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో పారదర్శకత అసలు లేదు, కాబట్టి నేపథ్యాన్ని వీడియోలోనే వేయాలి. స్లైడ్ రంగునే వేసినా వీడియో రంగు ఒక పిసరు తేడాగా కనబడి, బొమ్మ వెనక లేత చతురస్రం తేలడం మామూలే. దాన్ని దాచడానికి తంటాలు పడకుండా, స్లైడ్ పక్కన వేరే రంగు పట్టీ ఉన్నట్టు డిజైన్ చేసి బొమ్మను అందులో నిలబెట్టండి. రంగు తేడా ఉన్నా అప్పుడు అది కావాలని చేసినట్టే ఉంటుంది. స్లైడ్ వెడల్పులో నాలుగో వంతు చాలు.

వీడియోని ముందు డ్రైవ్‌లోకి ఎక్కించి, ప్రాసెసింగ్ పూర్తయ్యాక ఇన్సర్ట్ మెనూలోని వీడియో ద్వారా చేర్చండి. ఫార్మాట్ ఆప్షన్స్‌లో వీడియో ప్లేబ్యాక్ కింద ఆటోమేటిక్‌గా ఆడేలా పెట్టండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడ: స్లైడ్లు షేర్ చేసినంత మాత్రాన వీడియో షేర్ అవ్వదు. డ్రైవ్‌లో ఆ వీడియోకి కూడా ‘లింక్ ఉన్న ఎవరైనా’ అనుమతి ఇవ్వాలి, లేదంటే అది మీ ఖాతాలో చక్కగా ఆడి, అవతలివాళ్లకు ఆడదు. లాగిన్ లేని ప్రైవేట్ విండోలో ఒకసారి తెరిచి చూడండి.

బ్రౌజర్లు కూడా అడ్డుపడతాయి. 2018లో వచ్చిన క్రోమ్ 66 నుంచి, చూసేవాళ్లు పేజీలో ఎక్కడా నొక్కకముందే శబ్దంతో వీడియో తనంతట తాను మొదలవ్వడాన్ని క్రోమ్ ఆపేస్తోంది. అందుకే మొదటి స్లైడులో బొమ్మ వద్దు. ‘మొదలుపెట్టడానికి నొక్కండి’ అని ఒక స్లైడ్ పెట్టి, రెండోదాంట్లో మాట్లాడించండి.

బొమ్మ చూపు పాఠం వైపు తిరిగి ఉండాలి. పాఠానికి వీపు పెట్టి చూసేవాళ్లకేసి చూస్తుంటే కళ్లన్నీ బొమ్మ మీదే ఉంటాయి. 3 నుంచి 5 సెకన్లకోసారి కనురెప్ప వేయించండి, ముఖ్యమైన చోట చెయ్యి చూపించండి, మిగతా సమయంలో కదలకుండా ఉంచండి. బొమ్మ చెప్పే వాక్యాలనే స్లైడ్ మీద కూడా రాయకండి, చదవడమూ వినడమూ పోటీపడతాయి. వినలేని వాళ్ల కోసం పూర్తి స్క్రిప్టు విడి డాక్యుమెంటుగా చేసి, లింకు చివరి స్లైడులో ఇవ్వండి. స్లైడ్లను పీడీఎఫ్‌గా దించుకునేవాళ్లకు బొమ్మ కదలదు, మాట్లాడదు, కాబట్టి వాళ్లకూ ఆ డాక్యుమెంటే దిక్కు.