శీనుకి, పడవ కొనేముందు

తిరువొత్తియూరు, చెన్నై

చిరంజీవి శీనుకి బాబాయి దీవెనలు.

నువ్వు పంపిన రెండు పడవల ఫొటోలూ మూడు రోజులుగా మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. 14 అడుగుల అల్యూమినియందా, 16 అడుగుల ఫైబర్‌దా అని అడిగావు. నెలకి రెండు ఆదివారాలు పిల్లాడితో పులికాట్ సరస్సుకి చేపల వేటకి వెళ్తానన్నావు, అప్పుడప్పుడు మన చెన్నై పక్క కోవళం నుంచి సముద్రంలోకి కూడా అన్నావు. నా భయమంతా ఆ ‘అప్పుడప్పుడు’ గురించే.

పులికాట్ చాలా చోట్ల నడుము లోతే. అడుగు చదునుగా ఉన్న అల్యూమినియం పడవ అక్కడ హాయి. పిల్లాడు నిలబడి గేలం విసిరినా అంతగా ఊగదు, ఇసుక మేటెక్కితే ఇద్దరు దిగి తోసేయొచ్చు. ఫైబర్‌దాని అడుగు కోసుగా ఉంది, అలని చీల్చుకుపోతుంది. కానీ దానికి లోతు కావాలి.

ఒకసారి పళవేర్కాడు (పులికాట్‌నే తమిళంలో అలా అంటారు) మొగ దగ్గర, అంటే సరస్సు సముద్రంలో కలిసేచోట, ముగ్గురం ఇలాంటి చదును పడవలోనే ఉన్నాం. పొద్దున నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచింది. ఆటుకి సరస్సు నీళ్ళు బయటికి పోతుంటే గాలి ఎదురు తోసింది, అలలు నిటారుగా లేచాయి. అప్పుడే పండుగప్ప చేప పడిందని ఒకడు కేకేస్తే ముగ్గురం ఒకే పక్కకి వంగాం. అంచు మీంచి బిందెడు నీళ్ళు లోపలికొచ్చాయి. డబ్బాతో తోడుకుంటూ ఒడ్డు చేరేదాకా ఎవరం నోరు మెదపలేదు.

అందుకే చెబుతున్నా, అల్యూమినియందే తీసుకో, సరస్సుకే వాడు. సముద్రం మీద మనసైతే కోవళంలో జాలరుల పడవెక్కు. సరస్సులో కూడా వాళ్ళకి వలల వంతులున్నాయి, ‘పాడు’ అంటారు. ఊళ్ళో పెద్దల్ని అడక్కుండా దిగకు. పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి అటవీశాఖ వాళ్ళనీ ముందే అడుగు.

పాత పడవ కదా, ట్రైలర్ మీద ఉండగానే లోపల నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోయించి, కిందికి దూరి చూడు. రేకుల్ని కలిపే రివెట్ల చుట్టూ చెమట పట్టినట్టు తడి కనిపిస్తే సుద్దముక్కతో గుండ్రం చుట్టు. రెండో మూడో అయితే బాగుచేయించుకోవచ్చు. వరుసంతా కారుతుంటే వదిలెయ్. ఇంజను తగిలించే వెనక పలకలో చెక్క ఉంటుంది, రూపాయి బిళ్ళతో అంతటా తట్టు. ఒకచోట మోత మెత్తగా వస్తే అక్కడ చెక్క నానిపోయిందనుకో. పలక ఎత్తు కూడా కొలువు. నీ ఇంజనులో నీళ్ళలోకి దిగే కాలు పొట్టిది, 15 అంగుళాల పలకకే సరిపోతుంది. 20 అంగుళాల దానికి తగిలిస్తే ఇంజను కింది ఫ్యాను నీళ్ళందక గాలి తిప్పుతుంది.

వెళ్ళొచ్చిన ప్రతిసారీ పడవనీ ఇంజన్నీ మంచినీళ్ళతో కడగాలి. రాగి తీగ ముక్క కూడా అడుగున పడి ఉండనివ్వకు, ఉప్పునీళ్ళలో అల్యూమినియాన్ని తినేస్తుంది.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ఈలోపు పిల్లాడి కొలతకి లైఫ్ జాకెట్ కొనిపెట్టు. పెద్దవాళ్ళది ఎంత బిగించినా నీళ్ళలో వాడి భుజాల మీంచి పైకి జారిపోతుంది.

మీ బాబాయి