వేగ పరిమితి బోర్డు సైకిల్‌కి కూడా వర్తిస్తుందా?

భారత్‌లోనూ బ్రిటన్‌లోనూ రోడ్డు పక్కన కనిపించే వేగ పరిమితి సాధారణంగా మోటారు వాహనాలకే. మామూలు సైకిల్‌కి వర్తించదు.

కారణం చట్టం రాసిన తీరులోనే ఉంది. భారత మోటారు వాహనాల చట్టం (1988) 112వ సెక్షన్ గానీ, బ్రిటన్‌లోని 1984 నాటి చట్టం గానీ మోటారు వాహనం నడిపేవారికే పరిమితి పెడతాయి. పైగా సైకిల్‌కి స్పీడోమీటర్ తప్పనిసరి కాదు, నంబర్ ప్లేటూ ఉండదు. కెమెరా ఫొటో తీసినా చలానా ఎవరి పేరున పంపాలి?

ఉదాహరణకు, బ్రిటన్‌లో గంటకు 20 మైళ్ల (దాదాపు 32 కి.మీ.) పరిమితి ఉన్న వీధిలో ఒక సైకిలిస్టు పల్లంలో 25 మైళ్ల వేగంతో దిగాడనుకుందాం. అతని మీద ఓవర్‌స్పీడ్ కేసు పడదు. పక్కనే అదే వేగంతో వెళ్లే స్కూటర్ మీద పడుతుంది.

దీన్నిబట్టి సైకిల్ ఎంత వేగంగా తొక్కినా ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు, నడిచేవాళ్లకి ప్రమాదం కూడా. బ్రిటన్‌లో ప్రమాదకరంగా తొక్కడం, అజాగ్రత్తగా తొక్కడం విడివిడి నేరాలు. జనం మధ్య దూసుకెళ్తే, బోర్డు మీది అంకె దాటకపోయినా కేసు పెట్టొచ్చు. అన్ని దేశాల్లో ఒకే నియమం కూడా లేదు: జర్మనీలో ఊళ్లలో ఉండే సాధారణ 50 కి.మీ. పరిమితి మోటారు వాహనాలకే, కానీ బోర్డు పెట్టి 30 అని రాస్తే సైకిలిస్టు కూడా పాటించాల్సిందే.