తెలివైన విలన్‌కు ఏమి తెలియదో ముందు రాసిపెట్టుకోండి

మీ ప్రశ్నలో రెండు బాధలున్నాయి. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేస్తూ పాచికలతో నడిపే కథల ఆటలో మీ విలన్ ఒక మాంత్రికురాలు. పాత్రల లక్షణాలను అంకెల్లో రాసుకునే పాత్ర పత్రంలో ఆమెకు తెలివితేటలు 20, అంటే చాలా ఎక్కువ. మాయ అద్దంలో లోకమంతా చూడగలదు. ఆమెను ఆ అంకెకు తగ్గట్టు నడిపితే, ఏం చేసినా ముందే కనిపెట్టేస్తుందని ఆటగాళ్లు చేతులెత్తేస్తున్నారు. కాస్త పట్టు సడలిస్తే మొదటి పోరులోనే కుప్పకూలుతోంది. ఎంత తెలివి ఇస్తే సరిపోతుందని అడిగారు. తెలివి తగ్గించకండి. ఆమెకు ఏయే సంగతులు తెలుస్తాయి, ఎవరి ద్వారా తెలుస్తాయి అనేది మీరు ఇంతవరకు తేల్చుకోలేదు. చిక్కంతా అక్కడుంది.

ఈ మాట నేను దెబ్బతిని నేర్చుకున్నాను. గేమ్ మాస్టర్‌గా, అంటే కథ చెబుతూ విలన్‌ను ఆడించే మనిషిగా, నేను నడిపిన మొదటి పెద్ద కథలో విలన్ ఒక ఖజానాధికారి. రాజు పేరు చెప్పి రాజ్యమేలే మనిషి. నలుగురు ఆటగాళ్లు కోటలోకి ఎలా చొరబడాలా అని రెండు గంటలు తలలు బద్దలుకొట్టుకున్నారు. కాగితం మీద మురుగుకాలువ గీశారు, కాపలా మారే వేళ లెక్కగట్టారు, ముందు ఎవరు నడవాలని పోట్లాడుకున్నారు. నేను నా కాగితాలు కనబడకుండా పెట్టుకున్న అట్టతెర వెనుక కూర్చుని అంతా విన్నాను. వాళ్లు కాలువ చివర ఇనుప కటకటాల దగ్గరకు చేరేసరికి అవతల పన్నెండుమంది విలుకాళ్లు బాణాలు ఎక్కుపెట్టి నిలబడి ఉన్నారు. ఎంత గొప్ప ఎత్తు వేశానో అని నాలో నేనే మురిసిపోతుంటే, ఒక అమ్మాయి తన పాచికలు ఏరి డబ్బాలో వేసుకుంటూ, "మేము మాట్లాడుకుంటున్నప్పుడు ఖజానాధికారి ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాతి వారం నుంచి పథకం వేయాలంటే వాళ్లు లేచి పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. పథకాలు వేసుకోవడం చూడటమే నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టం. అది చేజేతులా పోగొట్టుకున్నాను.

అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టాను. ప్రతి ఆటకు ముందు విలన్ గురించి అందులో మూడు సంగతులు రాస్తాను: ఈ వారం అతను ఏం చేయబోతున్నాడు, కబుర్లు అతనికి ఎవరెవరి ద్వారా అందుతాయి, ఏ విషయంలో అతను పొరబడుతున్నాడు. ఆట మొదలయ్యాక అందులో ఒక్క అక్షరం కూడా మార్చను. ఆటగాళ్ల మాటలు నా చెవిన పడతాయి. అయితే విలన్‌కు వినబడాలంటే, పుస్తకంలో ఉన్న ఎవరో ఒకరు ఆ మాట మోసుకెళ్లాలి.

రెండో కథలో విలన్ ఒక రేవు పట్టణపు సుంకాధికారిణి. ఆమెకు మూడు చెవులు రాసుకున్నాను. పడవ నడిపే ముసలివాడు చూసింది ఆ రాత్రికే ఆమెకు చేరుతుంది. ఉత్తరాలు రాసిపెట్టే గుమాస్తా కబురుకు రెండు రోజులు పడుతుంది. సత్రంలో గిన్నెలు కడిగే కుర్రవాడు ఎవరితో ఎవరు కూర్చున్నారో చెప్పగలడు కానీ వాళ్ల పేర్లు తెలియవు. కింద ఇంకో వాక్యం రాశాను: "ప్రతి మనిషికీ ఒక వెల ఉంటుందని ఈమె నమ్మకం. ఎవరైనా కాదంటే, ఇవ్వజూపింది చాలలేదని అనుకుంటుంది."

రెండో ఆటలో ఆమె ఒక వైద్యురాలికి బంగారం పంపింది. వైద్యురాలు తిప్పి పంపింది. మరునాడు రెట్టింపు వచ్చింది. ఆ మరునాడు మూడింతలు. ఒక ఆటగాడు, "ఈవిడకు వద్దు అనే మాట అర్థం కాదేమో" అని గొణుగుతూ ఏదో రాసుకున్నాడు. నేను తల వంచుకుని పాచికలు సర్దుకున్నాను.

నాలుగు ఆటల తర్వాత ఫలితం చూశాను. యోధుడి పాత్ర వేసే ఆటగాడు సత్రంలో, సరిగ్గా గిన్నెలు కడిగే కుర్రవాడికి కనబడేలా, తోటివాళ్లతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. ఆ రాత్రే పడవవాడి దగ్గరకు వెళ్లి, మా వాళ్ల ఆచూకీ అమ్ముతానన్నాడు. అదంతా నాటకమని నాకు తెలుసు. సుంకాధికారిణి పసిగట్టేసిందని ఒక్క మాట అనాలని నాలుక దురద పెట్టింది. పుస్తకం తెరిస్తే నా చేతిరాతలో ఆ వాక్యం నన్నే చూస్తోంది. ఆమె బేరమాడింది. 300 బంగారు నాణేలకు ఒప్పందం కుదిరింది. యోధుణ్ని గోదాముకు పిలిపించింది, అతని వెనకే మిగతావాళ్లు దిగారు. పట్టుబడ్డాక ఆమె యోధుణ్ని అడిగింది ఒక్కటే: "ఇంకెంత ఇవ్వాల్సింది?" బల్ల చుట్టూ ఒక్కసారిగా కేకలు. ఖజానాధికారిని చివరకు ఎలా చంపారో మా వాళ్లలో ఎవరికీ గుర్తులేదు. ఈ ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

పుస్తకంలో మీరు రాసే ఆ పొరపాటు విలన్ స్వభావంలోంచే పుట్టాలి. రావణుణ్ని చూడండి. దేవతలు, దానవులు, యక్షులు, నాగులు ఎవరి చేతిలోనూ చావు లేకుండా వరం అడిగాడు. మనుషులను లెక్కలోకే తీసుకోలేదు. అది తెలివితక్కువతనం అనలేం, అహంకారం. మీ మాంత్రికురాలు ఎవరిని లెక్కచేయదు? జవాబు దొరికితే ఆమె ఆయువుపట్టు దొరికినట్టే.

ఇక 20 తెలివితేటల సంగతి. మీకూ నాకూ అంత బుర్ర లేదు. ఆమె ముందే ఊహించగలిగేవి కొన్ని ఆట మధ్యలో గానీ మనకు తట్టవు. దానికి నేనొక చిన్న కిటుకు వాడతాను. ఈ తరహా ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల్లో పెద్ద డ్రాగన్లకు లెజెండరీ రెసిస్టెన్స్ అని ఉంటుంది: మంత్రం లాంటి ముప్పును తప్పించుకోవడానికి వేసే పాచిక, అంటే సేవింగ్ త్రో, తప్పినా నెగ్గినట్టు తీసుకోవచ్చు, రోజుకు మూడుసార్లు మాత్రమే. అదే పద్ధతిని ముందుచూపుకు వాడాను. కథ మొత్తానికి మూడు చొక్కా గుండీలు బల్ల మీద అందరికీ కనబడేలా పెడతాను. "ఆమె దీన్ని ముందే ఊహించింది" అని నేను అనాలంటే ఒక గుండీ తీసేయాలి. గుండీలు అయిపోయాక పుస్తకంలో ఉన్నదే గతి. దాచిపెట్టి లెక్కపెడితే ఇది పనిచేయదు, మీరు మోసం చేస్తున్నారనే అనుమానం పోదు. కళ్లెదుట ఉంటే వాళ్లు ఆ గుండీలతోనే ఆడటం మొదలుపెడతారు. ఒకసారి రెండో గుండీ తీయించడానికే మా వాళ్లు ఒక ఖాళీ పెట్టెకు నాలుగు తాళాలు వేసి ఊరంతా ఊరేగించారు. నేను వాళ్ల ఎత్తుకు పడిపోయాను.

విలన్ బలహీనతను ఆటగాళ్లకు తెలియజేయడం మోసమేమీ కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం 1983లో వచ్చిన రేవెన్‌లాఫ్ట్ అనే సాహస కథలో స్ట్రాడ్ అనే రక్తపిశాచి ఆటగాళ్లతో ఎలుకతో పిల్లి ఆడినట్టు ఆడుకుంటాడు. అయినా అతణ్ని గాయపరిచే సూర్యఖడ్గం ఎక్కడుందో చీట్ల జోస్యం ద్వారా వాళ్లకు సూచన అందుతుంది. అంతమాత్రాన అతని మీద భయం తగ్గదు. నా లెక్కలో ఒక్క సూచన చాలదు. ఒకటి వాళ్లు గమనించరు, రెండోది తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోదానికి గానీ వెలగదు. ఇలాంటి ఆటల గురించి రాసే జస్టిన్ అలెగ్జాండర్ చెప్పిన మూడు ఆధారాల నియమం కూడా ఇదే చెబుతుంది.

మొదటి పోరులోనే చచ్చిపోతోందన్నారు కదా, అసలు మొదటి పోరుకు ఆమె ఎందుకు వస్తోంది? తెలివైనవాళ్లు కత్తి దూసేచోట ఉండరు. ఉత్తరం పంపిస్తారు, మనిషిని పంపిస్తారు. పోనీ ఆటగాళ్లే వెతుక్కుంటూ వచ్చి చంపేశారా, చావనివ్వండి. ప్రతిసారీ ఆఖరి క్షణంలో మాయమయ్యే విలన్ అంటే మా బల్ల దగ్గర అందరికీ వెగటు, నాతో సహా.

మీ అద్దం విషయానికి వస్తే, దాన్ని తీసేయవద్దు. అందులో బొమ్మ కనబడుతుంది, మాట వినబడదు అని ఇవాళే రాసిపెట్టుకోండి. ఆమె పెదవుల కదలికను బట్టి ఊహిస్తుంది, ఒకటి రెండుసార్లు తప్పుగా ఊహిస్తుంది. "రేపు ఉత్తర ద్వారం" అని వీళ్లు అనుకుంటే ఆమె సైన్యం దక్షిణాన కాచుకుని ఉంటుంది. ఎందుకలా జరిగిందని మీ ఆటగాళ్లలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు మీరు తల వంచుకుని పాచికలు సర్దుకోండి. రెండు మూడు వారాల్లో వాళ్లు ఆ అద్దం కోసమే మాటల్లేని ఒక మూకాభినయం తయారుచేస్తారు. ఆమె ఏ వేళలో అద్దం ముందు కూర్చోదో కూడా రాసి ఉంచుకోండి, ఆ తర్వాత వాళ్లు అడిగేది అదే.