నెలనెలా వచ్చే ఖర్చుకు అప్పు చేస్తారా?

ప్రశ్న: మాది గాజువాక. వయసు 41. పరవాడ ఫార్మా కంపెనీలో ఉద్యోగం, చేతికి 68 వేలు వస్తుంది. నాన్నకు 72 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు). గత నెల ఐసీయూలో ఉండి ఇంటికొచ్చారు. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టాలని, పక్కన మనిషి ఉండాలని డాక్టర్ చెప్పారు. కంపెనీ ఆరోగ్య బీమా పాలసీ పోను మిగిలిన 1.40 లక్షల బిల్లును క్రెడిట్ కార్డుపై కట్టి, 12 నెలల ఈఎంఐగా మార్చుకున్నాను. 24 గంటల కేర్‌టేకర్‌కు ఏజెన్సీ నెలకు 27 వేలు అడుగుతోంది. ఆరు నెలలది ముందే కడితే పది శాతం తగ్గిస్తారట. 12 గంటలకైతే 15 వేలు. ఒక లోన్ యాప్ 16 శాతం వడ్డీకి, నాలుగేళ్లకు 6 లక్షలు ఇస్తానంటోంది. తీసుకోమంటారా, లేక మా ఆవిడ బంగారం కుదువ పెట్టమంటారా? నాన్న పేరిట 7 లక్షల ఎఫ్‌డీ, సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో 8 లక్షలు ఉన్నాయి. వాటి జోలికి వెళ్లడం ఇష్టం లేదు. ఇంటి రుణం, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి నెలకు 49,500 అవుతోంది. సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్ పెట్టుబడి) 5 వేలు వేస్తున్నాను.

జవాబు: యాప్ అప్పు వద్దు. బంగారం కూడా ఇప్పుడు బయటికి తీయకండి.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇంట్లో దీర్ఘకాలిక రోగి ఉన్న కుటుంబాలు చాలావరకు ఇదే పొరపాటు చేస్తున్నాయి. ఆపరేషన్ ఒకసారి అయిపోయే ఖర్చు. సీఓపీడీ అలా కాదు, ఇంటి అద్దెలాగా ప్రతి నెలా వస్తుంది. దానికి అప్పు తెస్తే ఏమవుతుందో మీ అంకెలతోనే చూడండి. 6 లక్షలకు 16 శాతం చొప్పున నాలుగేళ్ల ఈఎంఐ నెలకు దాదాపు 17 వేలు. కేర్‌టేకర్‌కు నెలకు 27 వేలు ఇస్తూ పోతే ఆ 6 లక్షలు 22 నెలలకు ఖాళీ. ఇంకా 26 నెలల వాయిదాలు మిగులుతాయి. అప్పుడు వాయిదా కట్టాలి, కేర్‌టేకర్‌కూ ఇవ్వాలి. వడ్డీయే 2 లక్షలు దాటుతుంది. అసలు ఇప్పటికే ఇంటి ఖర్చులకు, సిప్‌కు కార్డు ఈఎంఐ 12,600 కలిపితే మీ జీతంలో మిగిలేది వెయ్యి లోపు. ఆ 17 వేలు ఎక్కడి నుంచి కడదామనుకున్నారు? మరో యాప్ నుంచా?

ఇక నాన్నగారి డబ్బు. ‘ఆయన కష్టార్జితం ముట్టుకోను’ అనే మాట ఎంతో మంది కొడుకుల నోట వింటాను. మంచి మనసే. కానీ ఆయన దాచుకున్నది ఇలాంటి రోజు కోసమే. 7 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్‌ను తాకకుండా 16 శాతానికి అప్పు తేవడం ఆయనకు చేసే గౌరవమేమీ కాదు. తోబుట్టువులు ఉంటే ముందే కూర్చుని మాట్లాడండి. ఆయన డబ్బులోంచి తీసిన ప్రతి రూపాయికీ ఒక పుస్తకంలో లెక్క రాసి పెట్టండి. రేపు మాట రాకుండా ఉంటుంది.

ఎఫ్‌డీ 7 లక్షల్లో ముందుగా కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. ముందే మూసేసినందుకు రుసుము పడినా, నెలకు 12,600 ఊపిరి దొరుకుతుంది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌ను (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు యంత్రం) మొదటి నెల అద్దెకు తెచ్చి, సర్వీస్ మనిషి పిలిస్తే వస్తాడా లేదా చూడండి. తర్వాత కొనుక్కోండి, ఏళ్ల తరబడి వాడే వస్తువు కదా. అయిదు లీటర్ల యంత్రం సుమారు 330 వాట్లు లాగుతుంది. రోజుకు 16 గంటలంటే నెలకు దాదాపు 160 యూనిట్లు. ఆ యూనిట్లతో మీ శ్లాబు కూడా మారిపోతుంది, మొదటి కరెంటు బిల్లు చూసి కంగారు పడకండి.

నా శీర్షిక చదివేవాళ్లకు నేను ఎక్కడికి వస్తున్నానో తెలుసు. అత్యవసర నిధి! మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. సిప్ ఉంది, పాలసీ ఉంది, ఈఎంఐ ఉంది, రేపు అర్ధరాత్రి అంబులెన్స్ పిలిస్తే తీయడానికి డబ్బు లేదు. ఐసీయూ తలుపు దగ్గర నిలబడి ఫోన్‌లో చేసే అప్పుకు వడ్డీ ఎవరూ చదవరు. మీ బిల్లు క్రెడిట్ కార్డుకు ఎక్కింది అందుకే. కాబట్టి ఎఫ్‌డీలోంచి 3 లక్షలు విడదీసి పక్కన పెట్టండి. సంరక్షణ ఖర్చుతో కలిపి ఇంటికి సుమారు నాలుగు నెలలకు సరిపోతుంది. బోనస్ వచ్చినప్పుడు ఆరు నెలలకు పెంచండి. అది నిండేదాకా సిప్ ఆపేయండి. కొంపలేమీ మునగవు.

ఆ 3 లక్షలు ఎవరి పేరిట ఉన్నాయన్నది ఇంకా ముఖ్యం. నాన్నగారు ఒక్కరి పేరిటే ఉంటే, ఆయన వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు బ్యాంకు ఎవరి సంతకం తీసుకోవాలి? ఆయన లేచి కూర్చుని సంతకం చేయగలిగిన ఈ రోజుల్లోనే, ఆ మొత్తాన్ని మీ ఇద్దరి ఉమ్మడి పేరిట ‘ఐదర్ ఆర్ సర్వైవర్’గా (ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు తీసుకునేలా) మార్చండి. గడువుకు ముందే ఒక్కరి సంతకంతో తీసుకునే వీలుందేమో బ్యాంకును అడిగి, ఉంటే ఆ అనుమతి కూడా రాయించండి. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో ఉమ్మడి ఖాతా భార్యాభర్తలకే కుదురుతుంది కనుక అక్కడ నామినీ సరిగా ఉందో లేదో చూడండి. కొంత నగదు ఇంట్లోనూ ఉండాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు మూగబోయాయి. మీ ఇంట్లో ఊపిరి కరెంటు మీద నడుస్తోంది. నిండు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి మూలన ఎప్పుడూ ఉండాల్సిందే.

కేర్‌టేకర్ సంగతి. అమ్మగారో, మీ ఆవిడో పగలు చూసుకోగలిగితే రాత్రి 12 గంటల మనిషి చాలు. ఆరు నెలల సొమ్ము ముందే కట్టొద్దు. మనిషి మధ్యలో మానేయొచ్చు, నాన్నగారు మళ్లీ ఆసుపత్రిలో చేరొచ్చు. నెలకు నెల ఇవ్వండి, సెలవు పెడితే బదులు ఎవరు వస్తారో కాగితం మీద రాయించుకోండి. ఇప్పుడు లెక్క చూడండి. జీతం 68 వేలు, స్కీమ్ వడ్డీ సగటున నెలకు 5,400, మొత్తం 73,400. ఖర్చు 49,500, కేర్‌టేకర్ 15 వేలు, మందులకు, అదనపు కరెంటుకు 7 వేలు, మొత్తం 71,500. బొటాబొటీగానైనా సరిపోయింది, అప్పు లేకుండా. ఎఫ్‌డీలో మిగిలే రెండు లక్షలపై చిలుకు, 24 గంటల మనిషి అవసరమయ్యే నెలలకు.

అడగడానికి ఎవరూ ఇష్టపడని విషయం ఒకటుంది. జబ్బు ముదిరితే ప్రతిసారీ ఐసీయూకేనా, లేక ఇంట్లోనే ఆయాసం తగ్గించే వైద్యమా? ఇలా బాధ తగ్గించే వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, క్యాన్సర్ వాళ్లకే అనుకుంటారు, సీఓపీడీకి కూడా ఉంది. నాన్నగారికి ఏం కావాలో ఆయన్నే అడగండి, ఊపిరితిత్తుల డాక్టర్ ముందు మాట్లాడండి. ఆ నిర్ణయం మీ కుటుంబానిది, నేను చెప్పేది కాదు. కానీ ఏ దారికైనా చేతిలో డబ్బుంటేనే నెమ్మదిగా ఆలోచిస్తారు.

మిగతావి క్లుప్తంగా. ఆయనకు కొత్త పాలసీ తీసుకున్నా పాత జబ్బు ఖర్చు ఇవ్వడానికి మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండొచ్చు. 70 దాటారు కాబట్టి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు కోసం ప్రయత్నించండి, ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కోండి. అది ఆసుపత్రి ఖర్చుకే, కేర్‌టేకర్ జీతానికి కాదు. బంగారం తప్పనిసరైతే బ్యాంకులోనే, అదీ ఒక్కసారి వచ్చే ఆసుపత్రి బిల్లుకే.

చివరగా, మీ కంపెనీ పాలసీ తీసి డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజుల మందులు, పరీక్షల ఖర్చు ఇస్తారో చూడండి. చాలా పాలసీల్లో 60 రోజులుంటుంది. అందులో నెల ఇప్పటికే గడిచింది. ప్రిస్క్రిప్షన్లు, అసలు బిల్లులు జత చేసి ఈ వారంలోనే హెచ్‌ఆర్‌కు ఇవ్వండి.