చంద్రుడి మీద నుంచి పైకి లేచిందెలా?

ప్రశ్న: భూమి మీద రాకెట్ ఎగరాలంటే లాంచ్ ప్యాడ్, వందలమంది ఇంజనీర్లు కావాలి. చంద్రుడి మీద ఉన్నది ఇద్దరే. అపోలో వ్యోమగాములు అక్కడి నుంచి ఎలా బయల్దేరారు? ఇంజన్ మొరాయిస్తే?

జవాబు: వాళ్లు దిగిన లూనార్ మాడ్యూల్‌లో రెండు అంతస్తులుండేవి. కింది అంతస్తు దిగడానికి, పైది తిరిగి రావడానికి. బయల్దేరేటప్పుడు కిందిదే లాంచ్ ప్యాడ్. రెండింటినీ బిగించిన బోల్టులను పేలుడు మందు తెంచేసేది, వైర్ల కట్టను ఒక బ్లేడు కోసేసేది, పై ఇంజన్ వెలిగేది. ఏడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా కక్ష్యలో ఉండేవారు.

అది మొరాయిస్తే మాత్రం దిక్కులేదు, రెండో ఇంజన్ లేదు. అందుకే చెడిపోయే అవకాశమున్న భాగాలనే ఎత్తేశారు. పంపుల్లేవు, హీలియం ఒత్తిడే ఇంధనాన్ని తోస్తుంది. నిప్పురవ్వ అక్కర్లేదు, ఏరోజైన్-50 అనే ఇంధనం, దాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఒకదాన్నొకటి తాకగానే మండుతాయి. థ్రస్టు, అంటే తోసే బలం, సుమారు 15.6 కిలోన్యూటన్లు, పెంచడం తగ్గించడం లేదు. మంట బయటికొచ్చే నాజిల్ కూడా కదలదు. నౌకను సరైన దిశలో నిలిపే పని చుట్టూ ఉన్న 16 చిన్న థ్రస్టర్లది. తెరుచుకోక తప్పని వాల్వులకు మాత్రం జోడీ పెట్టారు. ఇంత నమ్మకమైన ఇంజన్ అరుదు.

అయినా తేలిగ్గా కుదరలేదు. తయారీలో ఉండగా ఇంధనం మండే చాంబర్‌లో చిన్న బాంబు పేల్చి పరీక్షించేవారు. ఆ కుదుపు వెంటనే సర్దుకోవాలి, లేకపోతే మంట ఊగిసలాడి ఇంజన్‌ను పాడుచేస్తుంది. ఇంజన్ తయారుచేసిన బెల్ సంస్థ ఇంజెక్టర్ (ఇంధనాన్ని చాంబర్‌లోకి చిమ్మే భాగం) ఈ పరీక్షలో తడబడటంతో, ఆ ఒక్క భాగాన్నీ రాకెట్‌డైన్ అనే మరో సంస్థతో చేయించారు.

అసలు ప్రయాణంలో ఇబ్బంది వచ్చింది ఇంజన్‌తో కాదు, ఒక మీటతో. అపోలో 11లో ఇంజన్‌ను సిద్ధం చేసే సర్క్యూట్ బ్రేకర్ మీట విరిగిపోయింది. ఇరుకైన క్యాబిన్‌లో వీపు మీది సంచి తగిలి ఉంటుంది. ఆల్డ్రిన్ ఫెల్ట్ పెన్నుతో దాన్ని లోపలికి నొక్కాడు. 1969 నుంచి 1972 దాకా ఆరుసార్లూ ఆ ఇంజన్ వెలిగింది.

ప్రశ్న: లోపల సీట్లు ఎందుకు లేవు?

జవాబు: బరువు కోసం. నిలబడితే ముఖం కిటికీకి దగ్గరగా ఉంటుంది, కాబట్టి చిన్న కిటికీలోంచే నేల బాగా కనిపిస్తుంది. పెద్ద అద్దాల బరువూ తప్పింది. మనుషులను బెల్టులతో, కేబుళ్లతో పట్టి ఉంచేవారు. క్యాబిన్ గోడ కొన్నిచోట్ల 0.3 మిల్లీమీటర్ల మందమే! లోపల గాలి ఒత్తిడి మన వాతావరణంలో మూడో వంతు, అదీ శుద్ధ ఆక్సిజన్, కాబట్టి అంత పలుచని గోడే చాలింది.

ప్రశ్న: దిగేటప్పుడు నేలను తాకకముందే కింది అంతస్తు ఇంజన్ ఆపేవారట, నిజమేనా?

జవాబు: నిజమే. మూడు కాళ్ల కింద సుమారు 1.7 మీటర్ల పొడవైన కడ్డీలు వేలాడేవి. వాటిలో ఒకటి నేలను తాకగానే లోపల నీలం దీపం వెలిగేది, అప్పుడు ఇంజన్ ఆపాలి. నాజిల్ నేలకు మరీ దగ్గరగా మండుతుంటే, బయటికి పోలేని వాయువు వెనక్కి ఒత్తిడి చేస్తుంది. మిగిలిన కుదుపును కాళ్లలోని అల్యూమినియం తేనెపట్టు నలిగి మింగేది. అపోలో 15 నాజిల్ దాదాపు 25 సెంటీమీటర్లు పొడవెక్కువ. దాని కమాండర్ స్కాట్ దీపం వెలగగానే ఇంజన్ ఆపినా, నౌక గోతి అంచున దిగడంతో నాజిల్ నొక్కుకుపోయింది. అప్పటికే దాని పని అయిపోయింది కాబట్టి తిరుగు ప్రయాణానికి ఏ ఆటంకమూ రాలేదు.