తాతగారి బాకును నమ్ముకుని అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో వంపు తిరిగిన పాత బాకు దొరికింది. అలుగు 8 అంగుళాలు, పిడి తెల్లగా ఉంది, పిడి దగ్గర బంగారు తీగల పని ఉంది. ఒకవైపు చింతపండుతో తోమి మెరిపించాను, ఫొటో పంపుతున్నాను. ఒక దుకాణదారు 12 లక్షలు పలుకుతుందన్నారు. ఆ ధైర్యంతో ఇంటి మరమ్మతులకు 15 శాతం వడ్డీతో, 3 ఏళ్ల గడువుకు 4 లక్షల వ్యక్తిగత రుణం తీసుకున్నాను. జీతం 58 వేలు, పొదుపు 20 వేలు. అసలు విలువ ఎలా తెలుసుకోవాలి? అమెరికాలోని బంధువు తీసుకెళ్లి అమ్మిపెడతానంటున్నారు. – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పెట్టెలో దొరికిన వస్తువును బ్యాంకులో ఉన్న డబ్బులా లెక్కవేసుకోవడం నేను తరచూ చూసే పొరపాటు కాబట్టి, ముందు అప్పు సంగతి మాట్లాడదాం. మీ వాయిదా నెలకు సుమారు 13,870 రూపాయలు. మీ పొదుపు మొత్తం రెండు వాయిదాలకు కూడా చాలదు. 12 లక్షలన్న ఆ పెద్దమనిషిని, ఆ ధరకు మీరే కొంటారా అని అడిగారా?

మీరు పంపిన ఫొటోలో బంగారం అరిగిన చోట ఉక్కు మీద అడ్డదిడ్డంగా గీసిన సన్నని గాట్లు కనిపిస్తున్నాయి. ఉక్కును అలా గరుకు చేసి తీగను అదిమే పనిని కోఫ్త్‌గరీ అంటారు. ఉత్త పూత అయితే ఆ గాట్లు ఉండవు. అయితే ఆ పని ఉదయపూర్‌లో నేటికీ జరుగుతోంది కాబట్టి వయసుకు అదొక్కటే రుజువు కాదు. మీ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లిన మాట నిజమే గానీ, ఆ పేరు చెప్పి కనిపించిన ప్రతి పాత కత్తికీ ధర పెంచేవారున్నారు. మీరు చింతపండుతో తోమి మెరిపించిన వైపు పాతదనం పోయింది, ఇక ముట్టుకోకండి.

పిడిని భూతద్దంతో చూడండి. పిడిని అడ్డంగా కోసిన చివర ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలుంటే అది ఏనుగు దంతం, సన్నని చుక్కలుంటే ఎముక. దంతమైతే మన దేశంలో దాన్ని అమ్మడమే నేరం, అంటే మీకు చేతికొచ్చేది సున్నా. బాకుకు 100 ఏళ్లు నిండి ఉంటే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు కాబట్టి, మీ బంధువు సూట్‌కేసు మాట మరచిపోండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్‌దిగా చూపే పండ్ల కత్తికి విలువ తెచ్చినది దాని వెనుక ఉన్న చరిత్ర కూడా. మీ తాతగారికి ఇది ఎలా వచ్చిందో చెప్పే ఉత్తరమో, రశీదో, పాత ఫొటోనో వెతకండి. తర్వాత లైసెన్సున్న వేలం సంస్థ నుంచి రాతపూర్వక అంచనా తీసుకుని, అందులోని కనిష్ఠ ధరలోంచి కమీషనూ, లాభంపై 12.5 శాతం పన్నూ తీసేసి చూసుకోండి.

ఈలోగా మరమ్మతుల్లో అత్యవసరం కానివి ఆపేయండి. రుణంలో ఖర్చుకాని సొమ్ములోంచి 3 నెలల ఇంటి ఖర్చూ వాయిదాలూ విడిగా దాచి, మిగిలితే అసలుకు కట్టండి. ఆ నిధిని తర్వాత 6 నెలలకు పెంచండి. ఇంట్లో బంగారం ఉంటే తక్కువ వడ్డీ రుణానికి మారడం ఆలోచించవచ్చు. బాకు అమ్ముడుపోయే వరకు దాని పేరు మీద మరో రూపాయి అప్పు చేయకండి.