చెన్నై డెవలపర్ సదస్సులో టూల్స్: ఏవి పనికొచ్చాయంటే

నెల్లూరులో ఫైనలియర్ చదువుతున్న ఒకరు, చెన్నైలో డెవలపర్ సదస్సుకు డబ్బు పెట్టి వెళితే టూల్స్ గురించి నిజంగా ఏమైనా తెలుస్తుందా అని అడిగారు. నేను కావలి నుంచి వెళ్లొచ్చాను. తెలుస్తుంది, కానీ స్టాళ్ల దగ్గర కాదు.

స్టాళ్ల దగ్గర అంతా ఏఐ కోడింగ్ టూల్స్ హడావుడే. డెమో కోసమే రాసుకున్న బుల్లి ప్రాజెక్టు, గాలిలా పరిగెత్తే వైఫై. ఇంక ఎందుకు పనిచేయదు? మా పాత పీహెచ్‌పీ కోడ్ మీద చూపిస్తారా, కోడ్ మీ సర్వర్‌కి వెళ్తుందా అని అడిగితే చేతిలో కార్డు పెట్టి మెయిల్ చేయమన్నారు. టీషర్టు మాత్రం బాగుంది.

అసలు సరుకు టీ బ్రేక్‌లో దొరికింది. పక్కన కూర్చున్నాయన తన లాప్‌టాప్‌లో కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూల్లోని బైసెక్ట్ కమాండ్ చూపించాడు. గిట్ 2005లో వచ్చింది, మనలో చాలామందికి మాత్రం కమిట్ (అంటే దాచిన ఒక్కో మార్పు), పుష్, పుల్ దాటి తెలియదు. పోయిన నెల బాగున్న పేజీ ఇప్పుడు చెడింది, ఏ కమిట్‌తో చెడిందో తెలియదనుకోండి. బాగున్న కమిట్ ఒకటి, చెడినది ఒకటి చెబితే చాలు, అది మధ్యలోని కమిట్ తీసి ముందు పెడుతుంది. నడిపి చూసి గుడ్ అనో బ్యాడ్ అనో చెప్పాలి. ప్రతిసారీ సగం కమిట్లు పక్కకు పోతాయి కాబట్టి, వెయ్యి ఉన్నా దాదాపు 10 సార్లలో తేలిపోతుంది. బాగుందో చెడిందో తనే తేల్చే టెస్ట్ స్క్రిప్ట్ ఉంటే ‘బైసెక్ట్ రన్’కి అప్పజెప్పి మనం ఇంకో టీ తాగొచ్చు. “ఇదేందబ్బా, ఇన్నాళ్లూ మన మెషిన్‌లోనే ఉందే!” అన్నాడు నాతో వచ్చిన మిత్రుడు.

ఇంకొకటి క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్, డెవ్‌టూల్స్‌ది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో నెట్ వేగాన్ని కావాలని తగ్గించి పేజీ తెరిచి చూడొచ్చు. మేం రొయ్యల రైతుల కోసం వెబ్ యాప్ చేస్తున్నాం. అల్లూరు వైపు గుంటల గట్టు మీద సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. ఆఫీసు ఫైబర్ మీద చిటికెలో తెరుచుకునే స్క్రీన్‌కి అక్కడ ఎంతసేపు పడుతుందో కుర్చీలోంచే తెలిసింది.

కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ల సెషన్ యూట్యూబ్‌లో దొరికేదే, వదిలేయండి. విద్యార్థులకు టికెట్ రాయితీ ఉందేమో ముందే అడగండి. మీ ప్రాజెక్టు లాప్‌టాప్‌లో పెట్టుకెళ్లండి. బ్రేక్‌లో తెరిచి కూర్చుంటే సాయం చేసేవాళ్లు దొరుకుతారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే చెన్నైలో దిగేసరికి మధ్యాహ్నం అయిపోతుంది, ముందురోజు రాత్రికే చేరుకోండి.